బౌద్ధ దేశంలో వివక్ష నిషేధ చట్టం: ధర్మం ఎక్కడ అండ, ఎక్కడ అడ్డంకి

థాయ్‌లాండ్‌లో 2015 సెప్టెంబర్ 9న అమల్లోకి వచ్చిన లింగ సమానత్వ చట్టం చాలా విషయాల్లో ముందడుగు వేసిన చట్టం. స్త్రీ పురుష భేదంతో చూపే వివక్షతో పాటు, పుట్టుకతో వచ్చిన లింగానికి భిన్నమైన రూపంలో కనిపించే వ్యక్తుల పట్ల చూపే వివక్షను కూడా అది తన నిర్వచనంలోనే చేర్చుకుంది. ప్రభుత్వ సంస్థ అయినా, ప్రైవేటు సంస్థ అయినా, వ్యక్తి అయినా అలాంటి వివక్షకు దారితీసే విధానాలు, నిబంధనలు పెట్టకూడదని 17వ సెక్షన్ మొదటి భాగం శాసిస్తుంది. అదే సెక్షన్ రెండో భాగం కొన్ని మినహాయింపులు ఇస్తుంది. సమాన హక్కులకు ఉన్న అడ్డంకులు తొలగించడానికి తీసుకునే చర్యలు, వ్యక్తుల సంక్షేమం, భద్రత కోసం తీసుకునే చర్యలు, మత నియమాల పాలన కోసం, దేశ భద్రత కోసం తీసుకునే చర్యలు వివక్ష కిందికి రావు. జనాభాలో పదింట తొమ్మిది వంతులకు పైగా బౌద్ధులున్న దేశంలో మత నియమాలంటే మొదట గుర్తొచ్చేది బౌద్ధమే. అంటే బౌద్ధం ఈ చట్టంలోకి సమానత్వానికి ఆధారంగా రాలేదు, సమానత్వాన్ని పక్కన పెట్టడానికి అనుమతిగా వచ్చింది. స్త్రీల పట్ల వివక్ష నిర్మూలన ఒడంబడికను పర్యవేక్షించే ఐక్యరాజ్యసమితి కమిటీ 2017లో థాయ్‌లాండ్ నివేదికను పరిశీలించినప్పుడు మత, భద్రతా మినహాయింపులను తొలగించాలని సూచించింది కూడా.

బౌద్ధ సూత్రాలను వివక్ష నిషేధ చట్టానికి అన్వయించాలని కోరేవారు సాధారణంగా బౌద్ధ మూలగ్రంథాలైన త్రిపిటకంలోని సమతా వచనాలతో మొదలుపెడతారు. వాటికి కొదవ లేదు. జన్మ వల్ల బ్రాహ్మణుడవుతాడా, కర్మ వల్లనా అని ఇద్దరు బ్రాహ్మణ యువకులు వాదించుకుని బుద్ధుడి దగ్గరకు వచ్చిన సందర్భం వాసెట్ఠ సుత్తంలో (సుత్తం అంటే బుద్ధుడి ఉపదేశం) ఉంది. గడ్డికీ చెట్లకూ, పురుగులకూ పాములకూ, చేపలకూ పక్షులకూ జాతిని బట్టి వేర్వేరు గుర్తులుంటాయనీ, మనుషుల్లో మాత్రం జుట్టు, తల, చెవులు, కళ్లు ఇలా ఏ అవయవం చూసినా అలాంటి జాతిభేదం కనిపించదనీ, మనుషుల మధ్య తేడాలు కేవలం వ్యవహారంలో పెట్టుకున్న పేర్లేననీ అక్కడ బుద్ధుడు విడమరచి చెబుతాడు. శాక్య రాజకుమారులు తమ గర్వం అణగాలని, తమ కంటే ముందు మంగలి ఉపాలికి దీక్ష ఇప్పించారని భిక్షువుల నియమాలున్న వినయ పిటకం చెబుతుంది. గంగ, యమున, అచిరవతి, సరభు, మహి సముద్రంలో కలిసి పాత పేర్లు వదులుకున్నట్టు నాలుగు వర్ణాల వాళ్లూ భిక్షు సంఘంలో చేరి పాత పేర్లు వదులుకుంటారన్న మాట కూడా ప్రసిద్ధమే.

ఈ వచనాలన్నీ నిజమే అయినా, వాటిని వల్లించడంతో వాదం గెలిచినట్టు కాదు. ఎందుకంటే శతాబ్దాల పాటు సయాం (నేటి థాయ్‌లాండ్) రాజ్యంలో ఇవే వచనాలు, కొట్టొచ్చినట్టు కనిపించే అసమానత ఒకే కప్పు కింద ఏ పేచీ లేకుండా కాపురం చేశాయి. మొదటి రామరాజు 1805లో క్రోడీకరింపజేసిన మూడు ముద్రల ధర్మశాస్త్రం ఇందుకు మంచి సాక్ష్యం. అందులోని 'లక్ ఇంథఫాత్' అనే భాగం న్యాయమూర్తికి ఇంద్రుడు చేసిన ఉపదేశం రూపంలో ఉంటుంది. తీర్పు చెప్పేవాడు నాలుగు అగతులకు లోను కాకూడదని, అంటే ఇష్టం వల్ల గానీ, ద్వేషం వల్ల గానీ, భయం వల్ల గానీ, మోహం వల్ల గానీ దారి తప్పకూడదని అది బోధిస్తుంది. ఈ నాలుగు అగతులూ నేరుగా పాలి సుత్తాల నుంచి వచ్చినవే. పక్షపాతం గురించి ఇంత సూక్ష్మమైన విశ్లేషణ, అందులోనూ అధికారి భయపడి చేసే అన్యాయాన్ని సైతం లెక్కలోకి తీసుకున్న విశ్లేషణ, చాలా ప్రాచీన న్యాయ సంప్రదాయాల్లో దొరకదు.

అయితే అదే ధర్మశాస్త్రంలో 'సక్దినా' అనే అంతస్తుల పట్టిక కూడా ఉంది. బానిసకూ బిచ్చగాడికీ 5, సామాన్య ప్రజకు 10 నుంచి 25, ఉపరాజుకు లక్ష, ఇలా ప్రతి మనిషికీ ఒక అంకె ఉండేది. నష్టపరిహారం ఎంత, శిక్ష ఎంత అన్నది ఆ అంకెను బట్టి మారేది. నాలుగు అగతులనూ జయించిన న్యాయమూర్తి ఈ పట్టికను అణుమాత్రం పక్షపాతం లేకుండా అమలు చేయగలడు. బానిస మీద ద్వేషం లేదు, ప్రభువు అంటే భయం లేదు, లెక్క మాత్రం 5కూ లక్షకూ మధ్య తేడాతోనే తేలుతుంది. బౌద్ధ సూత్రాల అన్వయంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. అగతి సిద్ధాంతం తీర్పు చెప్పేవాడి మనసును శుభ్రం చేస్తుంది, అతని చేతికిచ్చిన పట్టికను ప్రశ్నించదు. ఆధునిక వివక్ష నిషేధ చట్టం పుట్టిందే ఆ పట్టికను ప్రశ్నించడానికి.

పట్టికకు సమర్థన కూడా మతం వైపు నుంచే దొరికింది. పద్నాలుగో శతాబ్దంలో సుఖోథాయ్ రాజు లిథాయ్ రచించినట్టు చెప్పే త్రైభూమి గ్రంథం విశ్వాన్నంతటినీ పుణ్యం కొద్దీ పేర్చిన మెట్ల వరసగా చూపుతుంది. పుట్టుక, అందం, ఐశ్వర్యం, అధికారం అన్నీ ఆ మెట్ల మీద చోటును బట్టే. చూళకమ్మవిభంగ సుత్తంలో మనుషుల్లో కొందరు అల్పాయుష్కులుగా, రోగిష్టులుగా, పేదలుగా, నీచ కులంలో ఎందుకు పుడతారని శుభుడు అడిగితే, వాళ్ల వాళ్ల కర్మే కారణమని సమాధానం వస్తుంది. తెలుగువాళ్లు 'చేసుకున్నవాడికి చేసుకున్నంత' అన్నట్టే, థాయ్ సమాజంలోనూ మంచి చేస్తే మంచి, చెడు చేస్తే చెడు అన్న సామెత అందరి నోటా ఉంటుంది. మాట మంచిదే. కానీ దాన్ని తిరగేసి, చెడు అనుభవిస్తున్నాడు కాబట్టి ఏదో చెడు చేసే ఉంటాడని లెక్క వేస్తే వైకల్యం ఉన్న మనిషి పూర్వజన్మ నేరస్తుడవుతాడు. పురుషుడిగా పుట్టి స్త్రీగా జీవించే 'కథోయ్' వ్యక్తులు గత జన్మలో వ్యభిచారం చేసినందుకే అలా పుట్టారన్న నమ్మకం ఇప్పటికీ వినిపిస్తుంది. ఇందులో కొంత జాలి ఉంది, హింసకు అది కొంత అడ్డుకట్ట వేసి ఉండవచ్చు కూడా. కానీ ఫిర్యాదు చేసే అర్హతను మాత్రం అది మింగేస్తుంది, ఎందుకంటే తన కర్మ తాను అనుభవిస్తున్నవాడు ఎవరి మీద ఫిర్యాదు చేయగలడు?

ఈ తలకిందుల లెక్కను త్రిపిటకమే ఒప్పుకోదన్నది గమనించాల్సిన విషయం. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ ఫలాలేనా అని సీవకుడనే పరివ్రాజకుడు అడిగినప్పుడు, పిత్తం, శ్లేష్మం, వాతం, రుతువుల మార్పు, ఇతరుల దాడి వంటి ఎనిమిది కారణాలను బుద్ధుడు వరసగా చెప్పి, కర్మ వాటిలో ఒకటి మాత్రమేనని, అంతా పూర్వకర్మే అనడం హద్దు మీరిన మాట అని అంటాడు. అంతకంటే సూటి వాదం మరొకటి చేయవచ్చు. ఒక వ్యక్తి వైకల్యానికి గత జన్మే కారణమని వాదన కోసం ఒప్పుకున్నా, ఈ రోజు అతనికి ఉద్యోగం నిరాకరించిన యజమాని చేసింది ఆ పాత కర్మ కాదు, తన సొంత కొత్త కర్మ. చట్టం విచారించేది ఆ రెండోదాన్నే. పునర్జన్మను నమ్మాలా వద్దా అన్న చర్చలోకి కోర్టు అడుగు పెట్టాల్సిన అవసరమే రాదు.

కోర్టుల అనుభవం కూడా ఇంచుమించు ఈ దారినే నడిచింది, అయితే బౌద్ధం పేరెత్తకుండా. పోలియో వల్ల నడకలో లోపం ఏర్పడిన ఒక న్యాయవాదికి న్యాయాధికారి పరీక్ష రాసే అవకాశం నిరాకరించారు. న్యాయాధికారి పదవికి శరీరం గానీ మనసు గానీ తగినది కానివారిని పక్కన పెట్టవచ్చన్న నిబంధన రాజ్యాంగ విరుద్ధం కాదని రాజ్యాంగ న్యాయస్థానం 2002లో తేల్చింది. పదేళ్ల తర్వాత, 2012లో, అదే న్యాయస్థానం అలాంటి పదజాలం వివక్షకు తావిస్తుందని కొట్టేసింది. ఆ మధ్యలో 2007 వికలాంగుల సాధికారత చట్టం వచ్చింది, కొత్త రాజ్యాంగం వచ్చింది. లింగమార్పిడి వ్యక్తులకు సైనిక భర్తీ నుంచి మినహాయింపు ఇస్తూ వాళ్ల పత్రాల మీద 'శాశ్వత మానసిక రుగ్మత' అని రాసే పద్ధతిని పాలనా న్యాయస్థానం 2011లో తప్పుపట్టింది. ఆ కాగితం ఉద్యోగ దరఖాస్తుతో పాటు చూపించాల్సి వచ్చేది కాబట్టి, బ్యారక్‌లో పడిన ముద్ర జీవితాంతం వెంటాడేది.

ఇక ఉద్దేశం సంగతి. కర్మ అంటే చేతన, అంటే సంకల్పమేనని బుద్ధవచనం. అందువల్ల థాయ్ చర్చల్లో వివక్షను లోభ, ద్వేష, మోహాల ఫలంగా చూపి, మైత్రీ కరుణలను మందుగా సూచించడం పరిపాటి. ఈ ధోరణి వ్యాసాలకు, ప్రసంగాలకు సరిపోతుంది గానీ చట్టం రాయడానికి సరిపోదు. పరోక్ష వివక్షలో ఎవరి మనసులోనూ ద్వేషం ఉండదు. కార్యాలయం రెండో అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు. దాన్ని కట్టినవాడికి చక్రాల కుర్చీ మనిషి మీద కోపమేమీ లేదు. అయినా ఆ మనిషి పైకి వెళ్లలేడు. ఇలాంటి చోట పనికొచ్చే బౌద్ధ సూత్రం మైత్రి కాదు, ప్రతీత్యసముత్పాదం. ఫలితం ఒకే కర్త నుంచి కాక అనేక ప్రత్యయాల (కారణ పరిస్థితుల) కలయిక నుంచి పుడుతుందని, ఒక ప్రత్యయాన్ని తొలగిస్తే ఫలితం మారుతుందని చెప్పే ఆ సూత్రం, దోషి కోసం వెతక్కుండా పరిస్థితిని సరిచేయమనే పరోక్ష వివక్ష సిద్ధాంతానికి చాలా దగ్గరగా ఉంటుంది. ప్రతి వంద మంది ఉద్యోగులకు ఒక వికలాంగుడిని నియమించుకోవాలని, లేదంటే నిధికి డబ్బు కట్టాలని థాయ్ చట్టం విధించిన నిబంధన ఎవరినీ పాపాత్ముడిగా నిలబెట్టదు. అది ఒక ప్రత్యయాన్ని మారుస్తుంది, అంతే. ప్రతీత్యసముత్పాదాన్ని గత జన్మల కథగా కాక ఈ క్షణంలో జరిగే ప్రక్రియగా చదవాలని చయ్యాలోని సువాన్ మోఖ్ ఆశ్రమం నుంచి పట్టుబట్టిన బుద్ధదాస భిక్షువు (1906–1993) ఈ అన్వయానికి దారి ఎప్పుడో వేసి పెట్టారు. న్యాయశాస్త్ర విద్యార్థులు ఆయన్ని మతాచార్యుడిగా మాత్రమే చూడటం నష్టమే.

కరుణకు, హక్కుకు ఉన్న తేడా హెచ్ఐవి విషయంలో స్పష్టంగా కనిపించింది. 1990ల మొదట్లో కుటుంబాలు వదిలేసిన రోగులకు లోప్‌బురిలోని వాట్ ఫ్రబాత్ నమ్ ఫు ఆలయం ఆశ్రయమిచ్చింది. దశాబ్దం చివరికి చియాంగ్ మాయ్ ప్రాంతంలో భిక్షువులకు శిక్షణ ఇచ్చి రోగులున్న ఇళ్లకు పంపే ప్రయత్నాలూ సాగాయి. భిక్షువు ఆ ఇంట్లో కూర్చుని రోగి చేతి భోజనం స్వీకరిస్తే ఊరి భయం సగం తీరిపోయేది. ఇంత మంచి పనిలో తప్పు పట్టాల్సిందేమీ లేదు. అయినా ఆశ్రయం దొరికిన మనిషికి ఉద్యోగం తిరిగి రాలేదు. దానం ఇచ్చేవాడికి పుణ్యం, పుచ్చుకునేవాడికి ఉపశమనం. ఈ సంబంధంలో పుచ్చుకునేవాడు ఇది నాకు రావాల్సిందే అని గట్టిగా అడగలేడు. నియామకానికి ముందు హెచ్ఐవి పరీక్ష అడిగే యజమానిని నిలదీయడానికి కావలసింది ఆ గట్టి గొంతే.

మత మినహాయింపు అసలు పరీక్ష స్త్రీల విషయంలో ఎదురవుతుంది. 1928లో థాయ్ భిక్షు సంఘాధిపతి అయిన సంఘరాజు స్త్రీలకు భిక్షుణి దీక్ష గానీ, దానికి ముందు మెట్లైన శ్రామణేరి, శిక్షమాణ దీక్షలు గానీ ఇవ్వకూడదని థాయ్ భిక్షువులను ఆదేశించారు. నరిన్ ఫాసిత్ అనే సంస్కర్త తన ఇద్దరు కుమార్తెలకు దీక్ష ఇప్పించడమే ఆ ఆదేశానికి కారణం. ఆచార్య చత్సుమర్ణ్ కబిల్‌సింగ్ 2001లో శ్రీలంకలో శ్రామణేరి దీక్ష, 2003లో భిక్షుణి దీక్ష తీసుకుని ధమ్మానంద పేరుతో నఖోన్ పథోమ్‌లో స్త్రీల ఆరామాన్ని నడిపిస్తున్నారు. అక్కడి భిక్షుణులు విధివిధానంగా భిక్షాటన చేస్తారు, ఊరివాళ్లు వాళ్లకు అన్నం పెట్టి నమస్కరిస్తారు. అధికారిక సంఘం మాత్రం వాళ్లను గుర్తించదు. 2016 డిసెంబర్‌లో దివంగత రాజు భూమిబోల్ పార్థివదేహానికి నివాళులర్పించడానికి రాజభవనానికి వెళ్లిన భిక్షుణులను భిక్షువుల వరసలోకి రానివ్వలేదు. భిక్షుణి దీక్ష లేకుండా తెల్ల వస్త్రాలు కట్టే 'మే చీ' సన్యాసినుల పరిస్థితి మరీ విచిత్రం: ఓటు విషయానికి వస్తే సన్యాసులు (కాబట్టి ఓటు లేదు), భిక్షువులకిచ్చే ప్రయాణ రాయితీల దగ్గరకు వస్తే గృహస్థులు. (అమరావతి శాసనాల్లో దానాలు చేసిన భిక్షుణుల పేర్లు చదివిన తెలుగు పాఠకులకు ఈ చిక్కుముడి మరింత వింతగా అనిపిస్తుంది.)

ఇక్కడ మత నియమం అనే మాటను మూకుమ్మడిగా ఒప్పేసుకోకుండా అది ఎక్కడిదో విచారించడం అవసరం. భిక్షుణి దీక్షకు భిక్షు, భిక్షుణి సంఘాలు రెండింటి ఆమోదం కావాలన్నది వినయ నియమం. థాయ్‌లాండ్‌లో పాటించే థేరవాద బౌద్ధంలో భిక్షుణీ పరంపర తెగిపోయింది కాబట్టి దాన్ని ఇప్పుడు నెరవేర్చలేమన్నది పండితుల వ్యాఖ్యానం, దీని మీద నిజాయితీగల భిన్నాభిప్రాయాలున్నాయి. 1928 ఆదేశం పాలనాపరమైన ఉత్తర్వు. ఈ మూడింటికీ ఒకే స్థాయి రక్షణ ఇవ్వడం ఏ లెక్కన చూసినా సబబు కాదు. వీటి కింద నాలుగోది కూడా ఒకటి ఉంది, అదే స్థానిక ఆచారం. చియాంగ్ మాయ్‌లోని వాట్ చేది లువాంగ్‌లో నగర స్తంభం ఉన్న ఇంథఖిన్ మందిరంలోకి స్త్రీలకు ప్రవేశం లేదు, గుమ్మం దగ్గరే బోర్డు ఉంటుంది. ఉత్తరాదిలో పేరున్న మరికొన్ని ధాతు చైత్యాల (అస్థికలున్న స్తూపాల) చుట్టూ కూడా ఇలాంటి బోర్డులే ఉన్నాయి. చెప్పే కారణం రుతుస్రావం. త్రిపిటకంలో ఈ నిషేధానికి ఆధారం లేదు. అది లన్నా అనే ఉత్తర ప్రాంతపు మైల పట్టింపు. ఖోన్ కేన్‌కు చెందిన సెనేటర్ రబియాబ్‌రత్ ఫోంగ్‌ఫానిత్ 2004లో ఈ బోర్డులను పునఃపరిశీలించాలని అడిగినందుకు ఉత్తరాదిలో ఆమె దిష్టిబొమ్మలు తగలబెట్టారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

మినహాయింపును మూలాన్ని బట్టి జల్లెడ పట్టే ఈ పద్ధతికి వినయ పిటకమే నమూనా ఇస్తుంది. వినయంలో ఏ నియమమూ ఆకాశం నుంచి ఊడిపడలేదు. ముందు ఒక సంఘటన, దాని మీద ఎవరో ఒకరి ఫిర్యాదు, తర్వాత నియమం, అది ఇబ్బంది పెడితే సవరణ. భిక్షు దీక్ష ఇచ్చేటప్పుడు ఇప్పటికీ అభ్యర్థిని పాలిలో అడుగుతారు: కుష్ఠు ఉందా, గడ్డలున్నాయా, చర్మరోగం ఉందా, క్షయ ఉందా, మూర్ఛ ఉందా, మనిషివేనా, పురుషుడివేనా, స్వతంత్రుడివేనా, అప్పులు లేవా, రాజు కొలువులో లేవా, తల్లిదండ్రులు అనుమతించారా, ఇరవై ఏళ్లు నిండాయా? పైకి చూస్తే ఇది వివక్షల చిట్టాలా ఉంటుంది. అయితే రోగాల ప్రశ్న వెనకున్న కథ వేరు. మగధలో ఆ అయిదు రోగాలు ప్రబలినప్పుడు, వైద్యుడు జీవకుడు రాజుకూ సంఘానికీ మాత్రమే వైద్యం చేస్తున్నాడని, రోగులు వైద్యం కోసమే దీక్ష తీసుకుని నయం కాగానే చీవరం (భిక్షు వస్త్రం) విడిచి వెళ్లేవారు. జీవకుడు మొరపెట్టుకున్న మీదట నియమం వచ్చింది. రాజభటుల నిషేధం బింబిసారుడి సైనికులు యుద్ధం తప్పించుకోవడానికి సంఘంలో చేరడం వల్ల వచ్చింది. అంటే మనిషి విలువ తక్కువని కాదు, సంస్థ తట్టుకోలేదని. కారణం ఇంత స్పష్టంగా నమోదై ఉన్నప్పుడు, ఆ కారణం ఇప్పటికీ ఉందా, ఇంతకంటే తేలికైన మార్గం లేదా అని అడగడం ధర్మానికి వ్యతిరేకం కాదు. ఆధునిక న్యాయస్థానాలు అనుపాతం (లక్ష్యానికి అవసరమైనంత ఆంక్షే ఉండాలన్న సూత్రం) పేరుతో అడిగే ప్రశ్నలు కూడా ఇవే.

ఇదంతా అంత సాఫీగా సాగుతుందని చెప్పలేం. లింగ వైవిధ్యం గల 'పండక' వ్యక్తులకు దీక్ష నిషేధించిన నియమం కూడా ఒకే ఒక వ్యక్తి ప్రవర్తన మీద లోకులు నిందించినందుకు పుట్టినదే; ఒకరి పని మొత్తం వర్గానికి చుట్టుకుంది. వివక్ష నిషేధ చట్టం తప్పుపట్టే తర్కానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఉండదు. బౌద్ధం సంపూర్ణ సమతా ధర్మమని వాదించేవారు ఈ కథను దాటేస్తుంటారు. దాటేయడం కంటే, సంఘంలో చేరే అర్హత సంఘం తేల్చుకునే విషయమని, బడి, ఆఫీసు, ఆసుపత్రి మాత్రం వినయం పరిధిలోకి రావని గీత గీయడం మేలు. విశ్వవిద్యాలయ యూనిఫాం విషయంలో లింగమార్పిడి విద్యార్థులు 2015 చట్టం కింద వేసిన ఫిర్యాదులకు మత మినహాయింపు ఏ రకంగానూ అడ్డు రాకూడదు.

పరిధి ప్రశ్న బౌద్ధేతరుల దగ్గర మరింత పదునెక్కుతుంది. 2017 రాజ్యాంగం 27వ సెక్షన్ మత విశ్వాసం ఆధారంగా వివక్షను నిషేధిస్తుంది. 67వ సెక్షన్ బౌద్ధాన్ని, ఇతర మతాలను రాజ్యం పోషించాలంటూనే థేరవాద బోధనను ప్రత్యేకంగా ప్రోత్సహించాలని, బౌద్ధానికి హాని కలగకుండా చర్యలు తీసుకోవాలని చెబుతుంది. ఈ రాజ్యాంగ ముసాయిదా మీద 2016 ఆగస్టు 7న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ముస్లింలు అధికంగా ఉన్న పట్టాణీ, యలా, నరాథివాత్ రాష్ట్రాలు వ్యతిరేకంగా ఓటేశాయి. 2018లో పట్టాణీలోని ఒక ప్రభుత్వ పాఠశాలలో ముస్లిం బాలికలు తలగుడ్డ కట్టుకోవడం మీద వివాదం రేగింది. బడి ఆలయ భూమిలో ఉంది కాబట్టి ఆలయ నియమాలు పాటించాలన్నది అభ్యంతరం చెప్పినవారి వాదన. చదువుకునే హక్కు నేల యజమాని మతాన్ని బట్టి మారుతుందన్న మాట ఏ వినయ సూత్రానికీ అందదు. డాక్టర్ అంబేడ్కర్ 1956లో నాగపూర్‌లో స్వీకరించిన బౌద్ధం అధికారంలో ఉన్న మతం మీద తిరుగుబాటు; థాయ్‌లాండ్‌లో బౌద్ధమే అధికారంలో ఉన్న మతం. ఒకే గ్రంథ వాక్యం ఆ రెండు చోట్లా ఒకే పని చేయదు.

వివాహ సమానత్వ చట్టం ఈ చర్చకు ఊహించని మలుపు ఇచ్చింది. ప్రతినిధుల సభలో 2024 మార్చి 27న హాజరైన 415 మందిలో 400 మంది దాన్ని ఆమోదించారు. జూన్ 18న సెనేట్ 130–4 తేడాతో ఆమోదించింది. 2025 జనవరి 23న అది అమల్లోకి వచ్చింది. సంఘం నుంచి వ్యవస్థీకృత ప్రతిఘటన రాలేదు. దక్షిణాది ముస్లిం ప్రతినిధులు మాత్రం తమ సమాజానికి మినహాయింపు కోరారు. సంఘం ఎదురు నిలవకపోవడానికి కారణం కరుణ పొంగిపొర్లడం కాదు. థేరవాదంలో పెళ్లి మత సంస్కారం కాదు, గృహస్థుల వ్యవహారం. భిక్షువులు వచ్చి ఆశీర్వచనం చదివి భోజనం చేసి వెళతారు. ధర్మం ఏమీ చెప్పని చోట చట్టం తేలికగా కదిలింది.

అన్ని రకాల వివక్షలకూ వర్తించే సమగ్ర చట్టం కోసం పౌర సమాజం, న్యాయ మంత్రిత్వ శాఖ తయారు చేసిన ముసాయిదాలు కొన్నేళ్లుగా చర్చలో ఉన్నాయి. అలాంటి చట్టంలో మత మినహాయింపును రెండు షరతులకు లోబరచడం సాధ్యమే: అది దీక్ష, ఆరాధన వంటి మతాంతర్గత విషయాలకే వర్తించాలి, మత నియమమని చెప్పేవారే దాని మూలాన్ని, ప్రస్తుత అవసరాన్ని రుజువు చేయాలి. రెండో షరతు ఉంటే ఇంథఖిన్ మందిరం గుమ్మం దగ్గరి బోర్డుకు, 1928 ఉత్తర్వుకు వేర్వేరు సమాధానాలు చెప్పాల్సి వస్తుంది. మొదటి షరతు ఉంటే పట్టాణీ బడి గేటు దగ్గర ఆలయం పేరు చెప్పే అవకాశమే ఉండదు.